అత్యవసర విభాగంలో ఫిజీషియన్ అసిస్టెంట్: తొలి ఏడాది

ఫిజీషియన్ అసిస్టెంట్ అనగానే తెలుగు పాఠకుల మనసులో మెదిలేది డాక్టరుగారి పక్కన నిలబడి మాత్రలు పొట్లం కట్టిచ్చే కాంపౌండరు. అమెరికాలో పీఏ అని పిలిచే ఈ వృత్తికీ కాంపౌండరు పనికీ పోలిక లేదు. పీఏలు రోగిని తామే పరీక్షిస్తారు, జబ్బేమిటో తేలుస్తారు, రక్తపరీక్షలూ స్కాన్లూ చేయిస్తారు, మందులు రాస్తారు, గాయాలకు కుట్లు వేస్తారు, జారిన భుజాన్ని సరిచేస్తారు. అయినా వాళ్లు డాక్టర్లు కారు. చాలా రాష్ట్రాల్లో ఒక డాక్టరు పర్యవేక్షణలోనో, ఆయనతో కుదుర్చుకున్న ఒప్పందం మీదనో పనిచేస్తారు. ఆ బంధం ఎంత బిగువుగా ఉండాలన్నది రాష్ట్రానికో తీరు. ఎమర్జెన్సీలో ఈ పని మొదలుపెట్టేవారి కష్టమంతా ఈ మధ్యస్థానంలోనే ఉంది. రోగి ముందు నిలబడి నిర్ణయం తీసుకోవలసిందీ తామే, తమకు తెలిసింది ఎంతవరకో గుర్తుపట్టి ఆగి అడగవలసిందీ తామే. మొదటిదాన్ని పుస్తకాలు కొంతవరకు నేర్పుతాయి. రెండోది తొలి ఏడాది షిఫ్టుల్లో తప్ప మరెక్కడా రాదు.

ఈ వృత్తీ, ఎమర్జెన్సీ వైద్యమూ దాదాపు కవల పిల్లలు. 1961లో వర్జీనియా రాష్ట్రంలోని అలెగ్జాండ్రియాలో జేమ్స్ మిల్స్ అనే డాక్టరు మరో ముగ్గురితో కలిసి సొంత ప్రాక్టీసు వదిలేసి, ఆసుపత్రి ఎమర్జెన్సీ గదిలోనే పూర్తికాలం పనిచేయడం మొదలుపెట్టారు. అప్పటిదాకా ఆ గదిని ఇంటర్న్‌లో, వంతులవారీగా వచ్చే వేరే విభాగాల డాక్టర్లో చూసుకునేవారు. 1966లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ వెలువరించిన నివేదిక, అంతకుముందు ఏడాది ప్రమాదాల వల్ల 1,07,000 మంది చనిపోయారని లెక్క చెప్పింది. తీవ్రంగా గాయపడితే నగర వీధిలో కంటే యుద్ధరంగంలోనే బతికే అవకాశం ఎక్కువని అనుభవజ్ఞులు అంటున్నారనీ రాసింది. యుద్ధంలో ఆ ప్రాణాలు నిలబెట్టినవారిలో డాక్టర్లే కాదు, నౌకాదళం శిక్షణ ఇచ్చిన వైద్య సిబ్బంది కూడా ఉన్నారు. వాళ్లను కోర్‌మెన్ అంటారు. ఇంటికి తిరిగొచ్చాక వాళ్ల చేతిలోని విద్యకు పౌర ఆసుపత్రుల్లో చోటు లేకపోయింది. 1965లో నార్త్ కరోలినాలోని డ్యూక్ యూనివర్సిటీలో యూజీన్ స్టెడ్ అనే ప్రొఫెసర్, అలాంటి మాజీ కోర్‌మెన్ నలుగురితో రెండేళ్ల కోర్సు ప్రారంభించారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో డాక్టర్లను తక్కువ వ్యవధిలో తయారుచేసిన పద్ధతి ఆయనకు నమూనా. 1967 అక్టోబరు 6న ముగ్గురు పట్టా అందుకున్నారు. ఎమర్జెన్సీ వైద్యంలో డాక్టర్లకు పట్టా తర్వాతి శిక్షణ ఇచ్చే మొదటి రెసిడెన్సీ 1970లో సిన్సినాటిలో మొదలైంది. దాన్ని ప్రత్యేక వైద్యశాఖగా గుర్తించింది 1979లో. మనుషులు చాలని చోట, ఉన్న నేర్పు వృథా కాకూడదన్న ఆలోచనలోంచి వచ్చిన వృత్తి ఇది. ఆ పుట్టుక గుర్తున్నవారికి పీఏ పని విలువా దాని హద్దూ రెండూ అర్థమవుతాయి.

ఇప్పటి చదువు కొలతలు చూస్తే చిక్కెక్కడుందో తెలుస్తుంది. డిగ్రీ తర్వాత పీఏ కోర్సు సాధారణంగా 27 నెలలు. మొదటి భాగం తరగతి గదిలో, మిగతాది ఆసుపత్రుల్లో విభాగాలవారీగా, సుమారు 2,000 గంటలు. ఎమర్జెన్సీ తప్పనిసరి విభాగాల్లో ఒకటే గానీ అక్కడ గడిపేది కొన్ని వారాలు. ఆపైన 300 ప్రశ్నల జాతీయ పరీక్ష, రాష్ట్ర లైసెన్సు, మత్తు కలిగించే నొప్పి మందులు రాయడానికి ఫెడరల్ రిజిస్ట్రేషను, ఆసుపత్రి అనుమతులు. ఆ కాగితాలకే నెలలు పడుతుంది. అదే గదిలో పనిచేసే డాక్టరు నాలుగేళ్ల మెడికల్ కాలేజీ తర్వాత మరో మూడు నాలుగేళ్లు కేవలం ఎమర్జెన్సీ రెసిడెన్సీలో గడిపి వస్తారు. పీఏకు అలాంటి తప్పనిసరి రెసిడెన్సీ లేదు. దానికి సరితూగే నేర్పును ఉద్యోగం చేస్తూనే, నిజమైన రోగుల దగ్గర, అనుభవజ్ఞుల పక్కన నిలబడి సంపాదించుకోవాలి. ఈ తేడాను సిగ్గుపడి దాచుకునేవాళ్ల కంటే మొదటిరోజే ఒప్పుకున్నవాళ్ల దగ్గర రోగి క్షేమంగా ఉంటాడు.

అమెరికా ఎమర్జెన్సీల్లో చాలాచోట్ల, ఎవరిని ముందు చూడాలో తేల్చే ట్రయాజ్ నర్సు ప్రతి రోగికీ 1 నుంచి 5 దాకా ఒక అంకె వేస్తారు. 1 అంటే ప్రాణం పోయేలా ఉందని, వెంటనే చూడాలని. 5 అంటే పరీక్షలేవీ అక్కర్లేకుండా చూసి పంపవచ్చని. కొత్త పీఏలను ముందుగా 4, 5 అంకెల రోగులున్న ఫాస్ట్ ట్రాక్‌లో వేస్తారు. బెణికిన చీలమండ, తెగిన వేలు, గొంతునొప్పి, మూత్రంలో మంట, చెవిపోటు లాంటివన్నీ అక్కడికి వస్తాయి. చేయి తిరగడానికి ఇది మంచి చోటు. కుట్టు వేయడం, చీముగడ్డ కోయడం, స్ప్లింట్ కట్టడం పదిసార్లు చేస్తేగాని భయం పోదు. ఏ చీలమండకు ఎక్స్‌రే తీయాలో చెప్పే ఒట్టావా నియమాలు 1992లో కెనడాలో తయారయ్యాయి. ఎముక ఏ చోట నొక్కితే నొప్పి, నాలుగడుగులు నడవగలరా అని చూస్తే చాలు, అనవసరపు ఎక్స్‌రేలు తగ్గిపోతాయి. ఇలాంటివి తొలి వారాల్లోనే కంఠతా వస్తాయి.

కానీ ఫాస్ట్ ట్రాక్ తేలిక రోగుల గది అనుకుంటే అక్కడే దెబ్బ తగులుతుంది. అంకె వేసింది కొన్ని నిమిషాలు చూసిన నర్సు. ఆ అంకె ఒక అంచనా మాత్రమే. మెటిక మీద అర అంగుళం గాటుతో ఒక కుర్రాడు వస్తాడు, తలుపు తగిలిందంటాడు. నిజానికి ఎవరినో గుద్దినప్పుడు అవతలివాడి పన్ను దిగిన గాయం అయివుండవచ్చు. చెయ్యి చాపి చూస్తే గాటు పైపైనే కనిపిస్తుంది. పిడికిలి బిగించమని చూస్తేనే లోపల స్నాయువూ కీలుపొరా తెగిన చోటు గాటు కిందికి వస్తుంది. నోటి సూక్ష్మజీవులు కీలులో చేరితే ఆ వేలు మళ్లీ సరిగా వంగకపోవచ్చు. అలాంటి గాయాన్ని కుట్టి మూసేయకూడదు. కడిగి, యాంటీబయాటిక్ ఇచ్చి, చేతి సర్జన్‌తో మాట్లాడాలి. అందంగా రెండు కుట్లు వేసి పంపిన కొత్త పీఏ, పని బాగా చేశాననే అనుకుంటారు. ఆ తృప్తిలోనే ప్రమాదం ఉంది.

మణికట్టుదీ అదే కథ. అరచెయ్యి ఆనించి పడిన మనిషి ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు. బొటనవేలు చాచినప్పుడు దాని మొదట్లో పడే చిన్న గుంటలో నొక్కితే నొప్పి ఉందంటే, స్కేఫాయిడ్ అనే చిన్న ఎముక విరిగిందనే అనుకుని స్ప్లింట్ కట్టాలి, పది పద్నాలుగు రోజులకు మళ్లీ ఎక్స్‌రే తీయాలి. ఆ ఎముకకు రక్తం ఒక కొస నుంచే అందుతుంది కాబట్టి, వదిలేసిన విరుపు ఎముకనే చచ్చుబడేలా చేయవచ్చు. నడుంనొప్పితో వచ్చినవారిలో చాలామందికి మామూలు పట్టేయడమే. అయినా మూత్రం ఆగిపోతోందా, కూర్చునే చోట స్పర్శ తగ్గిందా అని ప్రతివారినీ అడిగి తీరాలి. అవునన్నవారికి వెన్ను కింది నరాల గుత్తి నలిగిపోతూ ఉండవచ్చు, అప్పుడు గంటలు లెక్కపెట్టుకోవాలి. పద్నాలుగేళ్ల పిల్లాడు కడుపునొప్పి అంటాడు. పక్కన తల్లి ఉండటంతో నొప్పి అసలెక్కడో చెప్పడు. తల్లిని కాసేపు బయట కూర్చోమని, పిల్లాడి వృషణాలు చూడకుండా ఆ పరీక్ష పూర్తికాదు. వృషణం మెలిపడితే ఆరుగంటలలోపు సరిచేస్తే దక్కే అవకాశం బాగా ఎక్కువ, ఆలస్యమయ్యేకొద్దీ అది తగ్గిపోతుంది. పిల్లాడి సిగ్గుకంటే కొత్త పీఏ మొహమాటమే ఇక్కడ ఎక్కువ నష్టం చేస్తుంది.

కొన్ని నెలలకు రోగుల తీవ్రత పెంచుతారు. ఛాతీనొప్పి, ఆయాసం, కడుపునొప్పి, స్పృహ తప్పడం. ఇక్కడ ఆలోచన వరుసే మారాలి. క్లినిక్‌లో అడిగే ప్రశ్న ‘ఇది ఏ జబ్బు అయివుంటుంది’ అని. ఎమర్జెన్సీలో ముందు అడగవలసింది ‘వీటిలో ప్రాణం తీసేది ఏది, అది కాదని ఎలా తేల్చాలి’ అని. ఛాతీనొప్పి వస్తే పదినిమిషాల్లో ఈసీజీ తీయాలి. ఈసీజీలోనే గుండెపోటని తేలితే ఆసుపత్రి గుమ్మం దాటిన 90 నిమిషాల్లో మూసుకుపోయిన రక్తనాళం తెరుచుకోవాలి. ఈసీజీ బాగుందని ఊరుకోవడానికి లేదు. గుండె దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్‌ను కొన్ని గంటల తేడాతో రెండోసారి చూడాలి. ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డా, చీలిన బృహద్ధమనీ కూడా ఛాతీనొప్పిగానే వస్తాయి. నెలసరి వయసులో ఉన్న స్త్రీ కడుపునొప్పితో వస్తే గర్భపరీక్ష చేయాలి, ఆమె లేదన్నా సరే. ఫలోపియన్ నాళంలో పెరిగే గర్భం పగిలితే లోపలే రక్తం పోయి ప్రాణం తీస్తుంది. పక్షవాతం అనుమానం ఉంటే, లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయి అన్నదానికంటే ఆఖరిసారి మామూలుగా ఎప్పుడున్నారు అని అడగాలి. గడ్డ కరిగించే మందుకు నాలుగున్నర గంటల గడువు ఆ క్షణం నుంచే లెక్క. నిద్రలేచేసరికి మూతి వంకరపోయిన మనిషికి గడియారం రాత్రి పడుకున్నప్పుడే మొదలైంది.

రోగిని చూసొచ్చి డాక్టరుకు చెప్పడం ఒక విద్య. షిఫ్టుకు బాధ్యుడైన సీనియర్ డాక్టరును అక్కడ అటెండింగ్ అంటారు. కాలేజీలో నేర్పే పద్ధతిలో చిన్ననాటి జబ్బుల నుంచి మొదలుపెడితే ఆయనకు వినే తీరిక ఉండదు. పక్క గదిలో ఊపిరాడని మనిషి ఉంటాడు. ఒక నిమిషంలో వయసు, ఎందుకొచ్చారు, ఏది భయపెడుతోంది, ఏది కాదని ఎలా తేల్చారు, ఇంటికా వార్డుకా అన్నది చెప్పాలి. ఆఖరి మాట ముఖ్యం. ‘ఏం చేయమంటారు’ అని ఆగిపోయేవారి కంటే, ‘ఇది చేద్దామనుకుంటున్నాను, సరేనా’ అనేవారు త్వరగా ఎదుగుతారు. నిర్ణయం తప్పైతే ఎక్కడ తప్పిందో తెలిసేది అప్పుడే. ఇక, ఏమీ తోచనప్పుడు చెప్పవలసిన మాట ఒకటుంది: ‘ఈ మనిషి నాకు బాగా అనిపించడం లేదు. ఎందుకో చెప్పలేను. ఒకసారి వచ్చి చూడండి.’ కొత్తవారు ఈ మాట అనడానికి జంకుతారు. ప్రశ్న అడిగితే రాదనుకుంటారని భయపడే చదువుల్లోంచి వచ్చినవారికి ఇది మరీ కష్టం, మన ఇళ్లలో పెరిగిన పిల్లలకూ ఈ బెరుకు తెలియనిది కాదు. కానీ ఏ అటెండింగ్‌కైనా భయం కలిగించేది ప్రశ్నలడిగే పీఏ కాదు, షిఫ్టంతా ఒక్క ప్రశ్నా అడగని కొత్త పీఏ.

అడగవలసింది డాక్టరునే కాదు. ఇరవయ్యేళ్లుగా అదే విభాగంలో ఉన్న నర్సు ‘మూడో గది ఆవిడను మళ్లీ ఒకసారి చూస్తారా’ అంటే చేతిలో పని ఆపి వెళ్లాలి. ఆ మాట వెనక మారిన చర్మం రంగు, తడబడే మాట, పెరిగిన శ్వాస ఉంటాయి. యంత్రం మోగేలోగా ఆమె కన్ను పట్టేసిన మార్పులవి. ఇంకొకరి కన్ను అవసరమయ్యేది మన మనసు తప్పులు చేస్తుంది కాబట్టే. ఆ తప్పుల గురించి కెనడాకు చెందిన ఎమర్జెన్సీ డాక్టరు పాట్ క్రాస్కెరీ విస్తారంగా రాశారు. మొదట తోచిన జబ్బునే పట్టుకు వేలాడటం, ముందు షిఫ్టువారు వేసిన ముద్రను అలాగే మోసుకుపోవడం, ఒక కారణం దొరకగానే వెతకడం ఆపేయడం. తాగి పడున్న మనిషిని తాగుబోతుగానే చూసి వదిలేస్తే, పడినప్పుడు తలలో పగిలిన రక్తనాళం తెల్లారేదాకా బయటపడదు. తెలివి తక్కువై జరిగే తప్పులు కావివి. అలసటలో, హడావుడిలో ఎవరికైనా జరుగుతాయి. అందుకే మంచి విభాగాల్లో షిఫ్టు మారేటప్పుడు అప్పగించిన ప్రతి రోగినీ కొత్తవారు మంచం దగ్గరకు వెళ్లి మళ్లీ చూస్తారు.

1986 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం ఎమర్జెన్సీ తలుపు తట్టినవారు ఎవరైనా, బీమా ఉందా డబ్బుందా అన్నదానితో సంబంధం లేకుండా, పరీక్షించి తీరాలి. కాబట్టి మరెక్కడా చోటులేనివారంతా అక్కడికే వస్తారు. భాష రానివారూ వస్తారు. డల్లాస్‌కో న్యూజెర్సీకో పిల్లల దగ్గరికి వెళ్లిన తెలుగు తల్లిదండ్రులు వారిలో ఉంటారు. షుగరున్న పెద్దావిడ ‘గ్యాస్ పట్టేసినట్టుంది’ అంటుంది. కొడుకు దాన్ని అజీర్తి అని ఇంగ్లీషులో చెబుతాడు. షుగరున్నవారిలోనూ, వృద్ధ స్త్రీలలోనూ గుండెపోటు ఛాతీనొప్పి లేకుండానే ఆయాసంగా, వికారంగా, నీరసంగా రావచ్చు. అనువాదంలో జారిపోయిన ఆ ఒక్క మాటతో ఆవిడ 1, 2 అంకెల నుంచి 4కు దిగిపోగలదు. ‘కళ్లు తిరుగుతున్నాయి’ అన్నది స్పృహ తప్పేలా ఉండటమా, గది గిర్రున తిరగడమా అన్నది కూడా అడిగి తెలుసుకోవలసిందే. ఫెడరల్ నిధులు అందుకునే ఆసుపత్రులు భాషా సాయం ఇవ్వాలన్న బాధ్యత 1964 నాటి పౌరహక్కుల చట్టం నుంచి వచ్చింది. ఫోనులోనో తెర మీదో దుబాసీని పిలిపించడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. కొత్త పీఏ ఆ నిమిషాలను ఎన్నడూ ఆదా చేయకూడదు.

ఎమర్జెన్సీలో అన్నిటికంటే బరువైన నిర్ణయం రోగిని ఇంటికి పంపడం. పై అంతస్తులోని వార్డుకు పంపినవారిని చూసుకోవడానికి మరొకరుంటారు. ఇంటికి పంపినవారిని చూసుకునేవారు లేరు. అపెండిసైటిస్ తొలి గంటల్లో మామూలు కడుపునొప్పిలాగే ఉంటుంది. ‘ఇప్పటికి ప్రమాదం కనిపించడం లేదు, రేపటికి నొప్పి కుడివైపు కిందికి దిగినా, జ్వరం వచ్చినా, వాంతులు ఆగకపోయినా వెంటనే రండి’ అన్న మాట వైద్యంలో భాగమే. ముద్రించిన నాలుగు పేజీలు చేతిలో పెడితే ఆ పని అయిపోదు. రోగి చేత తిరిగి చెప్పించుకోవాలి. నడిపించి చూడాలి, నీళ్లు తాగించి చూడాలి, ఆఖరిసారి నాడి, శ్వాస, జ్వరం చూడాలి. చార్టులోనూ ఏమి చూశారన్నదే కాక, ఏది ఎందుకు కాదనుకున్నారో రాయాలి. షిఫ్టు ముగిశాక రెండు గంటలు కూర్చుని చార్టులు రాసుకోవడం మొదటి ఏడాదిలో అందరికీ తప్పదు.

ఈ వృత్తి పేరు మీద, హద్దుల మీద వివాదం ఇంకా తెగలేదు. 2021లో అమెరికా పీఏల సంఘం తమ వృత్తిని ‘ఫిజీషియన్ అసోసియేట్’ అని పిలుచుకోవాలని తీర్మానించింది. చాలా రాష్ట్రాల చట్టాల్లో పాత పేరే కొనసాగుతోంది. బ్రిటన్‌లో గాలి ఎదురు వీచింది. అక్కడ అసోసియేట్లుగా ఉన్నవారిని అసిస్టెంట్లు అని మార్చాలని, జబ్బేమిటో తేలని రోగులను నిర్ణీత పద్ధతులు ఉన్నచోట తప్ప వారు చూడకూడదని జిలియన్ లెంగ్ ప్రభుత్వం కోసం చేసిన సమీక్ష 2025 జూలైలో సిఫారసు చేసింది. అమెరికాలోనూ ఇండియానా రాష్ట్రం ప్రతి ఎమర్జెన్సీలోనూ డాక్టరు ఉండి తీరాలని 2023లో చట్టం చేసింది. మన దేశంలో ఈ కోర్సు 1992లో చెన్నైలోని మద్రాస్ మెడికల్ మిషన్‌లో, గుండె శస్త్రచికిత్స విభాగం అవసరాల కోసం మొదలైంది. 2021 నాటి అనుబంధ వైద్యవృత్తుల చట్టంలో చోటు సంపాదించింది. తెలుగునాట 2005లో 108 అంబులెన్సు వచ్చి రోగిని ఆసుపత్రి గుమ్మం దాకా త్వరగా చేర్చింది. గుమ్మం లోపల చూసే చేతులు ఇంకా చాలవు. ఆ చేతులను తయారుచేయాలనుకుంటే కోర్సు ఒక్కటే చాలదు, కోర్సు తర్వాతి రెండేళ్లు ఎవరి పక్కన గడపాలో కూడా ఏర్పాటు చేయాలి.

అమెరికాలో ఆ ఏర్పాటు రెండు రకాలుగా ఉంది. కొందరు పట్టా తర్వాత ఏడాది, ఏడాదిన్నర ఫెలోషిప్‌లో చేరతారు. జీతం తక్కువ, గంటలు ఎక్కువ, కానీ రెసిడెన్సీ చేస్తున్న డాక్టర్లతో కలిసి అత్యంత తీవ్రమైన రోగులను చూస్తారు. అప్పులతో చదివినవారికి ఇది భారమే అయినా, ఎమర్జెన్సీలోనే ఉండాలనుకునేవారికి ఇంతకు మించిన దారి లేదు. ఎక్కువమంది నేరుగా ఉద్యోగంలో చేరతారు. ఈ విభాగంలో 3,000 గంటల అనుభవం వచ్చాక ప్రత్యేక అర్హత పరీక్షకు కూర్చోవచ్చు, 2011 నుంచి ఆ పరీక్ష ఉంది. పూర్తికాలం పనిచేస్తే అన్ని గంటలు నిండడానికి ఏడాదిన్నర నుంచి రెండేళ్లు పడుతుంది. ఆ గంటలు ఎలాంటివన్నదే అసలు సంగతి. మంచి చోట తొలి నెలల్లో ప్రతి రోగినీ అటెండింగ్ కూడా చూస్తారు, తర్వాత మెల్లగా పట్టు సడలిస్తారు. ఖర్చు తగ్గించుకోవడానికి కొత్త పట్టాదారును రాత్రిపూట చిన్న ఆసుపత్రిలో ఒంటరిగా నిలబెట్టే యాజమాన్యాలూ ఉన్నాయి, వాళ్లిచ్చే జీతం ఎక్కువే ఉంటుంది. ఇంటర్వ్యూకు వెళ్లే కొత్త పీఏ జీతం సంగతి తర్వాత మాట్లాడవచ్చు. ముందుగా ఒక్కటి అడగాలి: రాత్రి రెండు గంటలకు ఊపిరాడని మనిషి వస్తే నా పక్కన ఎవరుంటారు? జవాబులో ఒక డాక్టరు పేరు, ఆయన నిలబడే చోటు వినిపించకపోతే ఆ ఉద్యోగంలో చేరకండి.